నిశాని నుంచి చిప్పు దాకా: ఉత్తర తెలంగాణలో బయోమెట్రిక్ పాస్‌పోర్టు

పాస్‌పోర్టు, వీసా, అకామా (గల్ఫ్‌లో నివాస అనుమతి), ఔట్‌పాస్ వంటి ప్రయాణ పత్రాలను వాటి సొంతదారు శరీరంతో ముడిపెట్టే పద్ధతిని బయోమెట్రిక్ విధానం అంటారు. శరీరంలో గుర్తుపట్టదగినవి ఎన్ని ఉన్నా, సరిహద్దుల దగ్గర ప్రధానంగా చూసేవి మూడే: ముఖం, వేలిముద్రలు, కంటి నల్లగుడ్డులో పాప చుట్టూ ఉండే ఐరిస్. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఈ మూడూ అందరికీ తెలిసినవే. 1970ల చమురు ధరల పెరుగుదల నుంచి ఇక్కడి పల్లెలు గల్ఫ్‌కు మనుషులను పంపుతున్నాయి. బోర్లు ఎండిన రైతులు, మగ్గం ఆగిన సిరిసిల్ల నేతన్నలు, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ వైపు మేస్త్రీలు, సెంట్రింగ్ పనివాళ్ళు దుబాయి, కువైట్, సౌదీ, మస్కట్, బహ్రెయిన్, ఖతర్ దారి పట్టారు. 2016 అక్టోబరు 11న ఈ రెండు జిల్లాలు ఎనిమిదిగా చీలాయి, కొన్ని మండలాలు పక్క జిల్లాల్లో కలిశాయి కాని, వలస దారి మాత్రం చీలలేదు. బయోమెట్రిక్ పాస్‌పోర్టు చరిత్రను లండన్ నుంచో వాషింగ్టన్ నుంచో కాక ఇక్కడి నుంచి చూస్తే వేరే కథ కనిపిస్తుంది.

నిశాని

తెలంగాణ పల్లెల్లో కాగితం మీద బొటనవేలు ఒత్తడాన్ని ‘నిశాని’ అంటారు. అప్పుపత్రం మీద, పట్టా మీద చదువురానివాళ్ళు నిశాని పెట్టేవారు. అందుకే ‘వేలిముద్రగాడు’ అన్న మాట తిట్టుగా మారింది. వయోజన విద్య కార్యక్రమాలు నడిచిన రోజుల్లో నిశాని మాని సంతకం నేర్చుకోవడమే పెద్ద విజయంగా లెక్కకొచ్చేది. ఇప్పుడు పాస్‌పోర్టు కౌంటరు దగ్గర పోస్టుగ్రాడ్యుయేట్ అయినా పదివేళ్ళూ గాజు మీద ఒత్తాల్సిందే. తిరిగి తిరిగి కథ నిశాని దగ్గరికే వచ్చింది.

ఈ పద్ధతి పుట్టిందీ మన దేశంలోనే. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి ఒక కాంట్రాక్టరు చేత ఒప్పందపత్రం వెనక అరచేతి ముద్ర వేయించాడు. తర్వాత మాట తప్పకుండా ఉండాలన్నదే ఆయన ఉద్దేశం. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో ఏర్పడింది. ముద్రలను వర్గాలుగా విడగొట్టి వెతికే పద్ధతిని రూపొందించడంలో అసలు శ్రమ అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు పోలీసు ఉద్యోగులది. పేరు మాత్రం వాళ్ళ పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. మొదటి నుంచీ ఈ గుర్తులో రెండు కోణాలున్నాయి. తాను ఫలానా అని మనిషి చెప్పుకోవడం ఒకటి, నువ్వు ఫలానావే అని సర్కారు పట్టుకోవడం రెండోది. గల్ఫ్ వలసలో ఈ రెండోదే ముందొచ్చింది.

ఫొటో అతికించిన రోజులు

1990ల దాకా భారత పాస్‌పోర్టును చేత్తో రాసేవారు. ఫొటోను జిగురుతో అతికించి, దాని మీద ప్లాస్టిక్ పొర వేసేవారు. పుస్తకం అసలుదే అయినా ఫొటో మారిపోవడానికి అందులో సందు ఉండేది. ఒకరి పేరున వచ్చిన పాస్‌పోర్టు మీద ఇంకొకరు విమానం ఎక్కిన కథలు గల్ఫ్ పల్లెల్లో కొత్తేమీ కాదు. ఈ మోసం ఎంత పైదాకా పోయిందో 2007 ఏప్రిల్‌లో దేశమంతా చూసింది. భార్య పాస్‌పోర్టు మీద మరో మహిళను కెనడా తీసుకుపోతూ గుజరాత్‌కు చెందిన ఒక పార్లమెంటు సభ్యుడు ఢిల్లీ ఎయిర్‌పోర్టులో దొరికిపోయాడు. అక్కడ పట్టించింది యంత్రం కాదు, ఫొటోకూ మనిషికీ పొంతన లేదని అనుమానించిన ఉద్యోగి కన్ను.

ఈ సందును మూయడానికి మొదట యంత్రం చదవగల పాస్‌పోర్టు వచ్చింది. ఫొటో పేజీ అడుగున రెండు వరుసల్లో, వరుసకు 44 చొప్పున 88 గుర్తులుంటాయి. మొదటి వరుస ‘పి’తో మొదలవుతుంది, ఆ వెంటనే దేశం గుర్తు ‘ఐఎన్‌డి’ ఉంటుంది, తర్వాత ఇంటిపేరు, రెండు బాణపు మొనలు, ఆపైన పేరు, మిగిలిన ఖాళీలన్నీ బాణపు మొనలే. రెండో వరుసలో పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, గడువు తేదీ, వాటి మధ్య లెక్క సరిచూసే అంకెలు. ఆ అంకెల్లో ఒక్కటి మారినా యంత్రానికి తెలిసిపోతుంది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, చేతిరాత పాస్‌పోర్టులకు 2015 నవంబరు 24ను చివరి గడువుగా పెట్టింది.

ఈ రెండు వరుసలు తెలుగువాళ్ళకు ఒక చిక్కు తెచ్చిపెట్టాయి. మనకు ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. పైగా పాత బడి సర్టిఫికెట్లలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా కుదించుకుపోయి ఉంటుంది. ఆధార్‌లో ఒక స్పెల్లింగు, టెన్త్ మెమోలో ఇంకొకటి. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగానే ఉండిపోయింది. 2022 నవంబరులో అరబ్ ఎమిరేట్స్ ఒంటి పేరున్న పాస్‌పోర్టులతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్ళను అనుమతించబోమని ప్రకటించేసరికి ఆ ఖాళీ గడి ఎంత ఖరీదైనదో తెలిసొచ్చింది. వేళ్ళూ కళ్ళూ సరిపోయినా పేరు సరిపోక ఆగిపోవడం బయోమెట్రిక్ యుగంలోనూ మామూలే.

కంటి స్కాన్ వచ్చాక

ఉత్తర తెలంగాణకు బయోమెట్రిక్స్‌ను మొదట పరిచయం చేసింది భారత ప్రభుత్వం కాదు, అరబ్ ఎమిరేట్స్. వీసా గడువు దాటి చిక్కినవాళ్ళను, కంపెనీ వదిలి బయట పనిచేసే ‘కల్లివెల్లి’ కార్మికులను ఆ దేశం తిప్పి పంపేది. వాళ్ళలో కొందరు ఊరికొచ్చి, పేరో పుట్టిన తేదీయో మార్చి కొత్త పాస్‌పోర్టు తీసుకుని మళ్ళీ వెళ్ళిపోయేవారు. అప్పు తీరకుండా తిరిగొచ్చినవాడికి అంతకన్నా దారి కనపడేది కాదు. 2000ల తొలినాళ్ళలో ఎమిరేట్స్ తన ఎయిర్‌పోర్టుల్లో ఐరిస్ స్కానర్లు పెట్టింది. కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త జాన్ డాగ్‌మన్ కనిపెట్టిన లెక్కల పద్ధతితో అవి పనిచేసేవి. పంపించేటప్పుడు కళ్ళను నమోదు చేసుకునేవారు. కొత్తగా వచ్చేవాడి కళ్ళను ఆ జాబితా మొత్తంతో పోల్చేవారు. పాస్‌పోర్టులో ఏ పేరున్నా లెక్కలేదు.

ఐరిస్‌లోని నార పోగుల అల్లిక కవలల్లో కూడా ఒకలా ఉండదు. ఒకే మనిషి రెండు కళ్ళు కూడా వేర్వేరు. చిన్నతనంలో స్థిరపడ్డాక ఆ అల్లిక పెద్దగా మారదు. అయినా మనిషి ఊరుకుంటాడా! కంటిపాపను పెద్దది చేసే మందు చుక్కలు వేసుకుని స్కానర్‌ను ఏమార్చేవాళ్ళు బయల్దేరారు. పాప విచ్చుకుంటే చుట్టూ ఉన్న ఐరిస్ పట్టీ సన్నబడి చదవడం కష్టమవుతుంది. ఎమిరేట్స్ అధికారులు పాపకూ ఐరిస్‌కూ ఉన్న నిష్పత్తిని కొలిచి, అసహజంగా ఉన్నవాళ్ళను ఆపి, మందు ప్రభావం దిగాక మళ్ళీ స్కాన్ చేసే ఏర్పాటు చేశారు.

ఇదే ఆట కువైట్ విషయంలో వేళ్ళ మీదికి వచ్చింది. 2022 ఆగస్టు చివర రాచకొండ పోలీసులు ఘట్‌కేసర్ దగ్గర నలుగురిని అరెస్టు చేశారు. కడప జిల్లాకు చెందిన ఒక రేడియోగ్రాఫరు, ఒక మత్తుమందు టెక్నీషియను అందులో ఉన్నారు. కువైట్ నుంచి డిపోర్ట్ అయినవాళ్ళ వేలికొసల చర్మాన్ని కోసి, లోపలి కణజాలం కొంత తీసి, తిరిగి కుట్టేవారని కేసు. మనిషికి రూ. 25,000. గాయం మానాక గీతల తీరు కొంత మారుతుంది, దాంతో ఆధార్‌లో కొత్త ముద్రలు నమోదు చేయించుకుని మళ్ళీ వీసాకు పోవడం పథకం. కొందరు ఆ ముద్రలతో కువైట్ చేరారు కూడా. మారిన గీతలు ఏడాదికి మించి నిలవవని పోలీసులు చెప్పారు. ఈ కేసును నేరవార్తగా చదివి పక్కన పెట్టేయలేం. వేలికొసల మీద కత్తి పెట్టించుకోవడానికి సిద్ధపడేంతగా ఆ కొలువు అవసరమైన మనిషి అందులో ఉన్నాడు.

కువైట్ 2024లో తన పౌరులూ విదేశీయులూ అందరూ బయోమెట్రిక్ నమోదు చేసుకోవాల్సిందేనని గడువులు పెట్టింది. విదేశీయులకు ఆ గడువు డిసెంబరు 31. అదే ఏడాది సెప్టెంబరు 1 నుంచి నాలుగు నెలలు ఎమిరేట్స్‌లో క్షమాభిక్ష నడిచింది. జరిమానా లేకుండా వెళ్ళిపోవచ్చు, తిరిగి రావడానికి నిషేధం ఉండదు, అయితే నమోదు లేనివాళ్ళు ముందుగా వేలిముద్రలు ఇచ్చి పోవాలి. క్షమించినా గుర్తు మాత్రం ఉంచుకుంటారన్న మాట. సౌదీలోనైతే కఫీల్ (వీసా ఇప్పించిన యజమాని) ‘హురూబ్’ అని, అంటే పారిపోయాడని, ఒక్క నమోదు చేయిస్తే చాలు, అది అకామా నంబరుకూ ఆ నంబరు వెనకున్న వేలిముద్రలకూ అంటుకుంటుంది.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. గల్ఫ్‌లో కార్మికుడి పాస్‌పోర్టు చాలాసార్లు యజమాని బీరువాలోనే ఉంటుంది. పాస్‌పోర్టు లేకుండా బయటపడినవాడు భారత కాన్సులేట్‌కు వెళ్ళి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ అడగాలి. మనవాళ్ళు ‘ఔట్‌పాస్’ అనేది దాన్నే, ఇంటికి రావడానికి ఒక్కసారే పనికొచ్చే కాగితం. ఒకప్పుడు తానెవరో రుజువు చేసుకోవాలంటే ఊరి నుంచి కాగితాలు తెప్పించుకోవాలి, పోలీసు విచారణ జరగాలి, నెలలు గడవాలి. ఇప్పుడు వేలు పెడితే అక్కడి నివాస రికార్డులో పేరు, పాస్‌పోర్టు నంబరు వచ్చేస్తాయి. పుస్తకం కఫీల్ దగ్గరున్నా గుర్తింపు మనిషి దగ్గరే ఉంటుంది. ఈ లాభం చిన్నది కాదు.

అరిగిన వేళ్ళు

భారత పాస్‌పోర్టు వ్యవస్థ వేలిముద్రలను పెద్దయెత్తున తీసుకోవడం పాస్‌పోర్ట్ సేవా ప్రాజెక్టుతో మొదలైంది. 2010లో బెంగళూరు, చండీగఢ్‌లలో ప్రయోగంగా మొదలై, తర్వాత దేశమంతా పాకింది. అంతకుముందు ఆదిలాబాద్ మనిషి పాస్‌పోర్టు పని పడితే మూడు వందల కిలోమీటర్లు రాత్రి బస్సులో కూర్చుని సికింద్రాబాద్ దిగాలి. ఇప్పుడు నిజామాబాద్, కరీంనగర్‌లలో సేవా కేంద్రాలున్నాయి. ఆదిలాబాద్, మంచిర్యాలల్లో పోస్టాఫీసులోనే కేంద్రం నడుస్తోంది. పోస్టాఫీసు కేంద్రాల పథకం 2017 జనవరిలో మైసూరు, దాహోద్‌లతో మొదలైంది.

కేంద్రంలో ఏ, బీ, సీ అని మూడు మజిలీలు. ఏ కౌంటరులో కాగితాలు స్కాన్ చేసి, అక్కడే ఫొటో తీసి, వేలిముద్రలు తీసుకుంటారు. బీలో కాగితాలు సరిచూస్తారు. సీలో అధికారి మంజూరు చేస్తాడు. ముద్రల యంత్రం అరచేయంత ఉంటుంది, గాజు కింద పచ్చటి వెలుగు. ఎడమచేతి నాలుగు వేళ్ళు, కుడిచేతి నాలుగు వేళ్ళు, చివర రెండు బొటనవేళ్ళు. కుర్రవాడైతే నిమిషంలో అయిపోతుంది. బీడీలు చేసే ఆడమనిషి వచ్చినప్పుడే చిక్కు. తడిపిన తునికాకును రోజంతా కత్తెరతో కోసి, తంబాకు పోసి, బొటనవేలు చూపుడువేళ్ళ మధ్య చుట్టి చుట్టి, కొసను గోటితో మడిచి మడిచి ఆ రెండు వేళ్ళ కొసలు అద్దంలా నున్నబడి ఉంటాయి. తెర మీద గీతలకు బదులు తెల్లటి మచ్చ పడుతుంది. ‘గట్టిగా ఒత్తమ్మా’ అంటాడు కౌంటరు అబ్బాయి. గట్టిగా ఒత్తితే గీతలు ఇంకా చదునవుతాయి. తుడిచి, కాస్త తడిచేసి, మళ్ళీ పెట్టిస్తారు. మూడోసారో నాలుగోసారో యంత్రం ఒప్పుకుంటుంది.

యంత్రం వెతికేది బొమ్మ మొత్తాన్ని కాదు. గీత ఎక్కడ ఆగిపోయింది, ఎక్కడ రెండుగా చీలింది అన్న బిందువులను గుర్తుపెట్టుకుంటుంది. పోల్చేటప్పుడు ఆ బిందువుల అమరికనే చూస్తుంది. సున్నం, సిమెంటు, ఇటుక, బట్టల సోడా ఆ బిందువులనే తినేస్తాయి. మేస్త్రీకి, బీడీ కార్మికురాలికి, గల్ఫ్‌లో అరబ్బు ఇళ్ళలో గిన్నెలు తోమే ఆడవాళ్ళకు ఇది వృత్తి తెచ్చిన మార్పు. రేషను షాపులోనూ, పింఛను దగ్గరా తెలంగాణ పల్లెలు ఈ సంగతి రోజూ చూస్తూనే ఉన్నాయి. వేలు పడనివాళ్ళకు కన్ను ప్రత్యామ్నాయమైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2005లోనే రేషను కార్డులకు ఐరిస్ తీసుకోవడం మొదలుపెట్టిన రాష్ట్రం. పని ఎక్కువ చేసిన చేతినే ఈ యంత్రం తక్కువగా గుర్తుపడుతుంది. వలస కార్మికుల కోసం కట్టిన వ్యవస్థలో ఇది చిన్న లోపం అనుకోవడానికి లేదు.

అట్ట లోపలి చిప్పు

చిప్పున్న పాస్‌పోర్టును ప్రపంచంలో మొదట 1998లో మలేసియా తెచ్చింది. అమెరికా మీద 2001లో జరిగిన దాడుల తర్వాత ఆ దేశం పట్టుదలతో విషయం ఊపందుకుంది. ఐకావో ముఖాన్ని అన్ని దేశాలకూ ఉమ్మడి గుర్తుగా ఎంచుకుంది. వేలిముద్ర, ఐరిస్ ఆయా దేశాల ఇష్టం. ముఖమే ఎందుకంటే ఫొటో ఇవ్వడం జనానికి కొత్త కాదు, ముట్టుకోవక్కర్లేదు, యంత్రం చెడితే పక్కనున్న మనిషి కూడా పోల్చుకోగలడు.

చిప్పులో బ్యాటరీ ఉండదు. రీడరు దగ్గర పెడితే ఆ రీడరు పంపే రేడియో తరంగాల నుంచే అట్టలోని సన్నటి తీగచుట్ట కరెంటు తీసుకుంటుంది. కొద్ది సెంటీమీటర్ల దూరంలోనే పనిచేస్తుంది. జేబులో ఉండగా ఎవడో చదివేస్తాడన్న భయానికి ఒక జవాబుంది. ఫొటో పేజీ అడుగున ఉన్న ఆ రెండు వరుసలే తాళంచెవి. పుస్తకం తెరిచి, పాస్‌పోర్టు నంబరు, పుట్టిన తేదీ, గడువు తేదీ చదివితేగాని చిప్పు నోరు విప్పదు. ఆ తర్వాత అందులోని సమాచారం మీద ఆ దేశ ప్రభుత్వం చేసిన డిజిటల్ సంతకాన్ని రీడరు సరిచూస్తుంది. లోపలి ఫొటోను ఎవరైనా మార్చితే సంతకం పొసగదు.

మన దేశంలో తొలి ఈ-పాస్‌పోర్టును 2008 జూన్ 25న అప్పటి రాష్ట్రపతి ప్రతిభా పాటిల్‌కు ఇచ్చారు. దౌత్య, అధికార పాస్‌పోర్టులతో మొదలైన పని సామాన్యుడి దాకా రావడానికి పదహారేళ్ళు పట్టింది. 2024 ఏప్రిల్‌లో ప్రయోగంగా మొదలైంది. మొదటి విడత నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది. 2025లో దేశమంతటికీ విస్తరించింది. నాసిక్‌లోని ఇండియా సెక్యూరిటీ ప్రెస్ వీటిని అచ్చేస్తుంది. ముందు అట్ట మీద, ‘పాస్‌పోర్ట్’ అన్న మాట కింద బంగారు రంగులో చిన్న గుర్తు ఉంటే అది చిప్పు పుస్తకం.

శంషాబాద్ ఎయిర్‌పోర్టులో 2025 జనవరి నుంచి ఇమిగ్రేషన్‌కు ఫాస్ట్ ట్రాక్ గేట్లు పనిచేస్తున్నాయి. ముందుగా వేలిముద్రలు, ముఖం నమోదు చేసుకున్నవాళ్ళు పాస్‌పోర్టు చూపి, యంత్రానికి ముఖం చూపి దాటిపోతారు. 2023లో ఇక్కడికి వచ్చిన, ముఖం చూసి ప్రయాణికుణ్ణి పంపే డిజియాత్ర వేరు, అది దేశంలోపలి ప్రయాణాలకే. పాస్‌పోర్టుల్లోనే ఇంకో తేడా ఉంది: పదో తరగతి పాస్ కానివాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని పడుతుంది. అలాంటివాళ్ళు గల్ఫ్‌తో సహా 18 దేశాలకు కొలువుకు పోవాలంటే 1983 వలస చట్టం ప్రకారం ముందు అనుమతి తీసుకోవాలి. కాబట్టి చిప్పు ఒకటే అయినా, కరీంనగర్ నుంచి డల్లాస్ పోయే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికీ దమ్మామ్ పోయే సెంట్రింగ్ మేస్త్రీకీ లైన్లు ఒకటి కావు. అమెరికా కూడా వీసాకు పదివేళ్ళూ తీసుకుంటుంది, అయితే ఆ వేళ్ళు కీబోర్డు మీద అరిగినవి కావు.

కాగితం అబద్ధమైతే

ఇంత ఏర్పాటులోనూ ఒక ప్రశ్నకు జవాబు లేదు. ఈ ముఖం ఈ పుస్తకానిదేనా అంటే చిప్పు చెబుతుంది. ఈ పుస్తకంలో రాసింది నిజమేనా అంటే చెప్పలేదు. 2021లో నిజామాబాద్ జిల్లా బోధన్‌లో కొద్దిపాటి చిరునామాల మీద పదుల కొద్దీ పాస్‌పోర్టులు జారీ అయినట్టు బయటపడింది. తీసుకున్నవాళ్ళు బంగ్లాదేశీయులని పోలీసులు తేల్చారు. 2024 జనవరిలో తెలంగాణ సీఐడీ హైదరాబాద్, కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ ప్రాంతాల్లో సోదాలు చేసి ఒక ముఠాను పట్టుకుంది. దొంగ బర్త్ సర్టిఫికెట్లు, ఆధార్‌ల మీద విదేశీయులకు అసలైన భారత పాస్‌పోర్టులు ఇప్పించారన్నది ఆరోపణ. ఆ పుస్తకాల్లో ఫొటో మార్చలేదు, వేలిముద్ర మార్చలేదు. కౌంటరులో కూర్చున్న మనిషి ముఖమే, అతని వేళ్ళే. పేరూ ఊరే వేరు.

పాత రోజుల్లో మోసం పుస్తకం చేతికొచ్చాక జరిగేది. ఇప్పుడది పుస్తకం పుట్టకముందుకు, ఏజెంటు గదికీ పోలీసు విచారణకూ మధ్యకు జరిగింది. అబద్ధపు పేరు మీద ఒకసారి చిప్పు తయారైతే, ఆ అబద్ధానికి ప్రభుత్వమే డిజిటల్ సంతకం చేసి పంపినట్టు. అందుకే స్పెషల్ బ్రాంచి కానిస్టేబుల్ ఊరికొచ్చి, గడప దగ్గర నిలబడి, పక్కింటివాళ్ళను అడిగి రాసుకునే పాత పద్ధతికి బయోమెట్రిక్స్ వచ్చాక విలువ పెరిగిందే కాని తగ్గలేదు.

కొత్త పుస్తకం వచ్చిందని పాతదాన్ని మార్చుకోవాల్సిన పని లేదు. గడువు ఉన్నంతకాలం చిప్పు లేని పాస్‌పోర్టు చెల్లుతుంది. పెద్దలకు గడువు పదేళ్ళు కనుక, 2025 మొదట్లో కరీంనగర్ కేంద్రంలో చిప్పు లేకుండా వచ్చిన పుస్తకం 2035 దాకా శంషాబాద్ కౌంటర్లలో కనిపిస్తూనే ఉంటుంది, పక్క లైనులో చిప్పు పుస్తకం పట్టుకున్న అదే ఊరి మనిషితో పాటు.